సైకిలు మీద ఆఫీసుకు: సోలార్ ట్రాక్, మా వీధి ఫుట్‌పాత్, రెండూ వాడాక నా మాట

ముందే చెప్తున్నా, నేను సైక్లిస్టును కాదు. ఒంటికి అతుక్కునే ఆ బట్టలు నా దగ్గర లేవు, ఆదివారం పూట వంద కిలోమీటర్లు తొక్కే గ్రూపుల్లో లేను. హైదరాబాద్‌లో బండ్లగూడ జాగీర్ దగ్గర ఇల్లు, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఉద్యోగం, మధ్యలో దాదాపు 13 కిలోమీటర్లు. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు వేసిన సైకిల్ ట్రాక్‌ను 2023 అక్టోబరు 1న అప్పటి మంత్రి కేటీఆర్ ప్రారంభించారు, ఆ చలికాలంలోనే సైకిలు కొన్నాను. అప్పటి నుంచి వారంలో సగం రోజులు దాని మీదే ఆఫీసుకు, మిగతా రోజులు స్కూటీ.

అందరూ మొట్టమొదట అడిగేది చెమట పట్టదా అని. పడుతుంది. పొద్దున ఏడింటికల్లా బయలుదేరి నెమ్మదిగా తొక్కితే తక్కువ పడుతుంది, ఆఫీసులో తడి తువ్వాలుతో తుడుచుకుని కుర్తా మార్చుకుంటే సరిపోతుంది. మనం పడే టెన్షనంతా దీని గురించే గానీ, అసలు కష్టాలు వేరే ఉన్నాయి.

ట్రాక్ సంగతికొస్తే ప్రారంభించినప్పుడు మొత్తం 23 కిలోమీటర్లు, రెండు ముక్కలు. నానక్‌రాంగూడ నుంచి పోలీసు అకాడమీ దాకా 8.5, నార్సింగి నుంచి కొల్లూరు దాకా 14.5. నాది మొదటి ముక్క, దాని పోలీసు అకాడమీ చివరనే, బోర్డుల మీద ఏం రాసినా, మనం ఇప్పటికీ అప్పా జంక్షన్ అంటాం. వెడల్పు 4.5 మీటర్లు, పైన ప్యానెళ్ళ సామర్థ్యం 16 మెగావాట్లు. కరెంటు సంగతి ఏమో గానీ నాకు పనికొచ్చింది నీడ. మే నెల సాయంత్రం రోడ్డు మీద నుంచి వచ్చే సెగకి ముఖం మాడిపోతుంటే, కప్పు కిందికి రాగానే ప్రాణం లేచొస్తుంది. కాకపోతే పొద్దున, సాయంత్రం ఎండ ఏటవాలుగా పడుతుంది కాబట్టి ఒక పక్క చెయ్యి, చెవి కాలడం మాత్రం తప్పదు. వానా అంతే, నిలువుగా పడితే తడవం, గాలివానైతే కప్పు ఉన్నా లేకపోయినా ఒకటే. వెళ్ళేటప్పుడు మొత్తం మీద ఎత్తు, వచ్చేటప్పుడు పల్లం, అది మాత్రం ఎవరో నా కోసమే ఆలోచించి పెట్టినట్టుంది. వెనక హారన్ లేకుండా అరగంట తొక్కడం ఎంత సుఖమో హైదరాబాద్‌లో బండి నడిపినవాళ్ళకే తెలుస్తుంది.

ట్రాక్ మీద వాకింగ్‌కి వచ్చేవాళ్ళుంటారు, ఫొటోలు దిగేవాళ్ళుంటారు, అప్పుడప్పుడు అడ్డదారి అనుకుని దూరే స్కూటర్లూ ఉంటాయి. స్కూటర్ల మీద కోపమొస్తుంది గానీ నడిచేవాళ్ళ మీద రాదు. వాళ్ళకు ఇంకెక్కడ చోటుంది?

అసలు చిక్కు ట్రాక్‌కి ముందూ వెనకా ఉంది. ఇంటి నుంచి అప్పా జంక్షన్ దాకా రోడ్డు మామూలు రోడ్డే, ఎడమ అంచున ఇసుక, మ్యాన్‌హోల్ మూతలు, రాంగ్ రూట్లో ఎదురొచ్చే బైకులు. జంక్షన్ దగ్గర చేవెళ్ళ వైపు బస్సులు, లారీలు, ఔటర్ ఎక్కే కార్లు అన్నీ ఒకేసారి తిరుగుతాయి, అక్కడ నేను తొక్కను, దిగి నడిపించుకుంటూ ఇంకో నలుగురు పాదచారులు పోగయ్యేదాకా ఆగి వాళ్ళతో కలిసి దాటుతాను. అటు చివర నానక్‌రాంగూడలో మళ్ళీ ఇదే కథ. ఇలాంటి సోలార్ కప్పు ట్రాక్ దక్షిణ కొరియాలో డేజాన్, సేజోంగ్ నగరాల మధ్య ఉంది, అది రెండు ఊళ్ళను కలుపుతుంది. మనది ఔటర్ పక్కన మొదలై ఔటర్ పక్కనే అయిపోతుంది. పార్కులా వాడుకుంటే పదికి తొమ్మిది ఇస్తాను, ఆఫీసు దారిగా అయితే అయిదు.

ఇక సైకిలు. ఏడు గేర్ల హైబ్రిడ్, అంటే రోడ్డు సైకిలుకీ కొండదారి సైకిలుకీ మధ్య రకం, ముందు సస్పెన్షన్ లేనిది. సస్పెన్షన్ ఉన్నవి షాపులో చూడ్డానికి బాగుంటాయి గానీ ఈ ధరల్లో వచ్చేవి బరువు తప్ప ఇంకేం ఇవ్వవు. విచిత్రం ఏంటంటే ఇలాంటి సైకిళ్ళకి మడ్‌గార్డులు, క్యారియర్, స్టాండు, బెల్లు అన్నీ విడిగా కొనుక్కోవాలి, అంటే రోజూ తొక్కేవాడికి కావలసినవే ఉండవన్నమాట. మడ్‌గార్డు లేకపోతే మొదటి వానకే వీపంతా బురద చారలు. చైన్ కవర్ కూడా అడిగి మరీ వేయించుకోండి, చున్నీ వేసుకునే ఆడవాళ్ళు ముఖ్యంగా. బ్రేకులు చక్రం అంచుని రబ్బరు ముక్కలతో పట్టే మామూలు రిమ్ బ్రేకులే తీసుకున్నాను, ఎందుకంటే వాటిని ఏ పంక్చర్ షాపులో అయినా బిగిస్తారు.

పంక్చర్లకి మాకున్న శత్రువు సర్కారు తుమ్మ. ఖాళీ ప్లాట్ల పక్కన కొమ్మలు కొట్టి రోడ్డు మీదకి లాగితే చాలు, ఆ వారం గాలి నిలవదు. ఒకసారి ట్యూబు మార్పించుకున్న మర్నాడే టైరు మళ్ళీ చప్పబడింది, కొత్త ట్యూబే బాగాలేదని షాపతనితో గొడవకి దిగబోయాను. అతను మారు మాట్లాడకుండా టైరు విప్పి లోపలి వైపు వేలితో నెమ్మదిగా తడుముకుంటూ వచ్చి, ఒకచోట ఆగి, "అక్కా, ఇదిగో చూడు" అని నా వేలు అక్కడ పెట్టించాడు. బయటికి ఏమీ కనపడదు, లోపల మాత్రం ఆవగింజంత ముల్లు మొన. పట్టకారుతో తీశాక మళ్ళీ రాలేదు. అప్పటి నుంచి సొల్యూషన్, ప్యాచ్‌లు, చిన్న పంపు సంచిలోనే ఉంటున్నాయి.

ఆఫీసు దగ్గర మొదటి రోజు సెక్యూరిటీ అతను "మేడమ్, సైకిళ్ళు లోపలికి పంపొద్దన్నారు" అన్నాడు. బేస్‌మెంట్‌లో కార్లకి మూడు అంతస్తులు, సైకిలుకి గోడ పక్క రెండడుగులు లేవట. నెల రోజులు మెయిళ్ళు పెడితే జనరేటర్ పక్కన ఒక ఇనుప కడ్డీ బిగించారు. ఇప్పుడు దానికి నాతో పాటు హౌస్‌కీపింగ్ వాళ్ళ సైకిళ్ళు కూడా కట్టి ఉంటాయి. అంతకుముందు వాళ్ళు గేటు బయట చెట్టుకి కట్టేసేవాళ్ళని అప్పుడే తెలిసింది, వాళ్ళని ఎవరూ ఎందుకు అడగలేదో కూడా.

నడక గురించి చెప్పకుండా ఆపలేను. అమ్మకి మోకాళ్ళ నొప్పి, కిరాణా కొట్టు అర కిలోమీటరు, నడవమని డాక్టరే చెప్పాడు. ఫుట్‌పాత్ ఉంది, కానీ మోకాలంత ఎత్తు, ప్రతి గేటు ముందూ తెగిపోతుంది, మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్, తర్వాత టిఫిన్ బండి, ఆ తర్వాత వరసగా పార్క్ చేసిన బైకులు. ఎక్కి దిగలేక ఆవిడ రోడ్డు అంచునే నడుస్తుంది, లేదంటే ఆ అర కిలోమీటరుకీ ఆటో. రోడ్లు ఎలా ఉండాలో ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ రూల్ ప్రకారం నడవడానికి అడ్డు లేకుండా కనీసం 1.8 మీటర్లు ఉండాలి, ఎత్తు 15 సెంటీమీటర్లు దాటకూడదు. 2025 మే నెలలో సుప్రీంకోర్టు, సరైన ఫుట్‌పాత్ ఉండటం కూడా రాజ్యాంగం 21వ అధికరణ కింద జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. ఊరికే చెప్పలేదు మరి, 2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో పోయిన 1,68,491 మందిలో 32,825 మంది నడిచేవాళ్ళే.

డబ్బు మిగులుతుందా అంటే, స్కూటీకి లీటరుకి 45 కిలోమీటర్లు, పెట్రోలు 107 రూపాయలు అనుకుంటే రానూపోనూ రోజుకి అరవై దాకా. బ్రేక్ షూలు, ట్యూబులు, ఏడాదికోసారి చైను పోను ఇంకా మిగులుతుంది, కానీ అందుకోసమే కొనకండి. వానాకాలంలో, ఒంట్లో బాగోలేని రోజున, రాత్రి ఆలస్యమైతే నేను ఇప్పటికీ స్కూటీయే తీస్తాను, అందులో మొహమాటం ఏమీ లేదు.

మీ ఆఫీసు అయిదారు కిలోమీటర్లలోపే, పెద్దగా ఎత్తులేని దారిలో ఉంటే గేర్లు కూడా అక్కర్లేదు, క్యారియర్‌తో వచ్చే మామూలు సైకిలు చాలు. అంతకు మించితే గేర్లు తీసుకోండి. కొనేముందు ఎవరిదైనా సైకిలు అడిగి ఒక ఆదివారం పొద్దున ఆ దారంతా ఒకసారి తొక్కి చూడండి, సోమవారం వెళ్ళి మీ సెక్యూరిటీ వాళ్ళని సైకిలు ఎక్కడ పెట్టుకోనిస్తారో అడగండి. ఆ రెండూ కుదిరితేనే షాపుకి వెళ్ళండి.