జబ్బకి కట్టే బీపీ మిషన్: నాన్న కోసం ఎనిమిది నెలలుగా వాడుతున్నాం

బీపీ మిషన్ అంటే బీపీ ఎక్కువున్నవాళ్లకే అనుకునేదాన్ని. మా ఇంట్లో సంగతి వేరే. నాన్నకి 71 ఏళ్లు. రెండేళ్ల కిందట హార్ట్ ఎటాక్ వచ్చి రెండు స్టెంట్లు వేశారు. గుండె పంపింగ్ 30 శాతమే ఉంది. అప్పటి నుంచి మెటోప్రొలాల్, సాక్యుబిట్రిల్-వల్సార్టన్, స్పైరోనోలాక్టోన్, వాటితోపాటు ఒంట్లో చేరిన నీటిని మూత్రంలో పంపించే నీళ్ల బిళ్ల టోర్సెమైడ్. గుండె మీద భారం తగ్గించే ఈ మందులే బీపీని కూడా దించుతాయి. ఆయనకి పై నంబరు 95, 100 దగ్గరే ఉంటుంది. కళ్లు తిరగకుండా, తన పనులు తాను చేసుకుంటున్నంతకాలం ఆ నంబరుకి భయపడక్కర్లేదని డాక్టరుగారు మొదట్లోనే చెప్పారు. మా టెన్షనంతా అది ఇంకా కిందికి పోయినప్పుడే.

మొదట తమ్ముడు మణికట్టుకి కట్టేది పంపాడు. చిన్నగా ముచ్చటగా ఉంది కానీ, అది గుండె ఎత్తులో ఉంటేనే సరిగ్గా చూపిస్తుంది. నాన్నకి చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం అలవాటు. ఒకరోజు 118 చూపించింది. మనిషిని చూస్తే ముఖం పాలిపోయి ఉంది. చెయ్యి ఎత్తి దిండ్ల మీద పెట్టి మళ్లీ చూశాను. 94! చెయ్యి కిందికి ఉంటే నంబరు పెరిగి కనిపిస్తుందని అప్పుడు తెలిసింది. బీపీ ఎక్కువున్న మనిషికి ఈ తప్పు వస్తే అనవసరంగా కంగారు పడతాం. తక్కువున్న మనిషికి వస్తే ప్రమాదం కనపడకుండా పోతుంది.

దాన్ని పక్కన పెట్టి, మెడికల్ షాపులో జబ్బకి కట్టేది 1,900 రూపాయలకి తీసుకున్నాను. నాలుగు పెన్సిల్ సెల్స్ వేస్తే పనిచేస్తుంది. అంకెలు పెద్దవి, నాన్న కళ్లజోడు లేకుండానే చదువుకుంటారు.

కొనేముందు చూసుకోవాల్సింది పట్టీ సైజు. ఆ మాట నాకు షాపులో ఎవరూ చెప్పలేదు. మా పట్టీ మీద 22 నుంచి 32 సెంటీమీటర్లు అని రాసి ఉంది. నేను ఇంట్లో బ్లౌజులు కుడతాను, టేపు ఎప్పుడూ మెళ్లోనే ఉంటుంది. నాన్న జబ్బ మధ్యలో కొలిస్తే సరిగ్గా 22 దాటి రెండు గీతలు. ఒకప్పుడు బస్తా ఎత్తి భుజాన వేసుకున్న చెయ్యి అది. ఆ కొలత చూసి నాకు మనసు చివుక్కుమంది. సన్నని చేతికి పెద్ద పట్టీ కడితే ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. అందుకే నెలకోసారి కొలుస్తున్నాను. 22 లోపలికి వస్తే చిన్న పట్టీ విడిగా కొనాలి.

ఈ మిషన్ విలువ నాకు ఏప్రిల్‌లో తెలిసింది. రాత్రి రెండింటికి బాత్రూమ్‌కని లేచి, గుమ్మం దగ్గర తూలి, గోడ పట్టుకుని అలాగే కిందికి జారిపోయారు. దేవుడి దయ వల్ల దెబ్బ తగల్లేదు. అలికిడికి వచ్చిన పక్కింటి పిన్నిగారు, "బీపీ డౌన్ అయినట్టుంది, నిమ్మకాయ నీళ్లలో కాస్త ఉప్పేసి తాగించండి" అన్నారు. అమ్మ గ్లాసు కలిపి తెచ్చేసింది కూడా. నేను ఆపాను. పంపింగ్ తక్కువున్నవాళ్లకి ఉప్పు ఎక్కువైతే ఒంట్లో నీరు చేరి ఆయాసం, కాళ్ల వాపు వస్తాయి. అందరికీ చేసే చిట్కా ఆయనకి చెయ్యకూడదు. పడుకోబెట్టి కాళ్ల కింద దిండు పెట్టాం. పది నిమిషాలకి తేరుకుని, "ఏం కాలేదమ్మా, నువ్వెళ్లి పడుకో" అన్నారు. నాకు తెల్లవార్లూ నిద్ర పట్టలేదు.

పొద్దున్నే ఫోన్ చేస్తే డాక్టరుగారు, కూర్చోబెట్టి ఒక్కటే చూస్తే చాలదు, నిలబెట్టి కూడా చూడమన్నారు. ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చున్నాక ఒకసారి, లేచిన ఒక నిమిషానికి, మళ్లీ మూడో నిమిషానికి. చెయ్యి గుండె ఎత్తులో ఉండాలని, నాన్న నిలబడితే నేను మోచేతి కింద పట్టుకునేదాన్ని. కూర్చుని 102. లేచిన నిమిషానికి 78. లేచాక మూడు నిమిషాల్లోపు పై నంబరు 20 పడితే పట్టించుకోవాల్సిందేనట. మాకు 24 పడింది.

వారం రోజులు నోట్‌బుక్‌లో రాశాను. నంబర్ల పక్కనే ఏ బిళ్ల ఎన్నింటికి వేసుకున్నారో కూడా. దాన్ని చూస్తూ డాక్టరుగారు ఒక పేరు దగ్గర వేలు పెట్టి, "ఇది ఎవరిచ్చారమ్మా?" అని అడిగారు. టామ్సులోసిన్. మూత్రం సరిగ్గా రావడంలేదని వేరే డాక్టరు దగ్గరికి వెళ్తే మూడు వారాల ముందు రాసింది. ప్రోస్టేట్ మందే అయినా లేచినప్పుడు బీపీని పడేస్తుందట. ఆ రోజు గుండె మందుల చీటీ మేము తీసుకెళ్లలేదు. ఇప్పుడు దాని జిరాక్స్ నాన్న పర్సులో, నా ఫోన్ కవర్‌లో ఉంటుంది.

ఆ బిళ్ల మార్చారు, నీళ్ల బిళ్ల సగం చేశారు, మిగతావాటికి మధ్య ఎడం పెట్టారు. ఇది నాన్నకి చేసిన మార్పు. నంబరు తగ్గింది కదా అని మీరు ఇంట్లో మందులు ఆపేయకండి. మెటోప్రొలాల్ లాంటిది ఉన్నపళంగా ఆపితే గుండెకే ముప్పు. కళ్లు తిరుగుతుంటే ఆ రోజే డాక్టరుకి ఫోన్ చెయ్యండి. స్పృహ తప్పినా, ఛాతీలో నొప్పి వచ్చినా, ఊపిరి ఆడకపోయినా మిషన్ వెతుక్కోకుండా 108కి చెయ్యండి.

ఇప్పుడు ఆయన లేచేముందు మంచం అంచున కూర్చుని పాదాలు ముందుకీ వెనక్కీ ఆడిస్తారు. ఒక నిమిషం ఆగి లేస్తారు. రాత్రికి మంచం పక్కనే యూరిన్ క్యాన్ పెడుతున్నాం. కూర్చుంటే 104, లేస్తే 96 అలా ఉంటోంది.

మిషన్‌లో ఇబ్బందులూ ఉన్నాయి. చెయ్యి కదిలితే ఎర్రర్ చూపించి మళ్లీ గాలి ఎక్కిస్తుంది. రక్తం పలచబడే బిళ్లల వల్ల నాన్న చేతికి ఎర్ర మచ్చలు పడుతుంటాయి, అందుకే వెంటవెంటనే చూడను, నిమిషమైనా ఆగుతాను. గుండె లయ తప్పి కొట్టుకునేవాళ్లకి ఇలాంటి మిషన్లలో నంబర్లు ఒకదానికొకటి పొంతన లేకుండా రావచ్చు, వాళ్లు డాక్టరుని అడిగి కొనుక్కోవడం మంచిది. ఇంకొకటి, మాది ఒక్కరి కోసం చేసిన మోడల్. అమ్మ కూడా చూసుకుంటుంది కాబట్టి మెమరీలో ఇద్దరివీ కలిసిపోతున్నాయి. నోట్‌బుక్ తప్పదు. ఇద్దరున్న ఇంటికైతే ఇద్దరివీ విడిగా దాచే మోడల్ అడగండి.