2012 అమెరికానా, 2021 జమైకానా: 4×100లో ఏ జట్టు మేలు?

రిలేల గురించి ఎప్పుడు రాసినా కింద ఇదే ప్రశ్న వస్తోంది. మహిళల 4×100లో (నలుగురు తలా 100 మీటర్లు పరిగెత్తే రిలే) 2012 లండన్ ఒలింపిక్స్‌లో వచ్చిన ప్రపంచ రికార్డు 40.82 సెకన్లు అమెరికాదే కావచ్చు గానీ, 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో దిగిన జమైకా నలుగురే అసలు గొప్ప జట్టు కదా అని. కాగితం మీద చూస్తే కొట్టిపారేసే మాట కాదది.

టోక్యో 100 మీటర్లలో మూడు పతకాలూ జమైకావే: ఎలైన్ థాంప్సన్-హెరా 10.61, షెల్లీ-ఆన్ ఫ్రేజర్-ప్రైస్ 10.74, షెరికా జాక్సన్ 10.76. ముగ్గురూ రిలేలో ఉన్నారు. లండన్‌లో అమెరికాకి 100లో స్వర్ణమే రాలేదు. కార్మెలిటా జీటర్ 10.78తో రెండు, టియానా మాడిసన్ 10.85తో నాలుగు, ఆలిసన్ ఫెలిక్స్ 10.89తో ఐదు. కూడితే జమైకాకి 32.11, అమెరికాకి 32.52. (నాలుగో అమ్మాయిలు బ్రియానా విలియమ్స్, బియాంకా నైట్ ఆ ఒలింపిక్స్‌లో విడిగా 100 పరిగెత్తలేదు, వాళ్లని పక్కన పెడదాం.) పైగా టోక్యో 100 ఫైనల్లో ఎదురుగాలి, లండన్‌లో వెనక గాలి, కాబట్టి అసలు తేడా ఇంకా ఎక్కువే. అయినా రిలేలో జమైకా టైమ్ 41.02. ముగ్గురి లెక్కలోనే 0.41 ముందున్న జట్టు చివరికి 0.20 వెనకబడింది.

ఆ 0.61 ఎటు పోయింది? నన్నడిగితే బ్యాటన్ (ఒకరి నుంచి ఒకరు అందుకునే చిన్న కర్ర) చేతులు మారే చోటే. తీసుకునే అమ్మాయి వెనక్కి తిరిగి చూడదు. ట్రాక్ మీద తాను ముందే అంటించుకున్న టేపు ముక్కని వచ్చే అమ్మాయి దాటగానే బయల్దేరుతుంది, కేక వినపడగానే చెయ్యి వెనక్కి చాపుతుంది. తొందరపడి బయల్దేరితే బ్యాటన్ అందేలోపు దాన్ని మార్చుకోవాల్సిన జోన్ అయిపోతుంది, భయపడి ఆగితే వచ్చేదాని వేగమంతా వృథా. ఆ ధైర్యం కలిసి పరిగెత్తిన అలవాటు వల్లే వస్తుంది. ఫెలిక్స్, నైట్, జీటర్ ముందు ఏడాది డేగు ప్రపంచ పోటీల్లో కలిసి స్వర్ణం గెలిచినవాళ్లు. జమైకా తరఫున థాంప్సన్-హెరా, ఫ్రేజర్-ప్రైస్ హీట్స్‌లో (ఫైనల్‌కి ముందు జరిగే అర్హత రేసుల్లో) దిగనే లేదు, ఫైనల్లో మార్పిడులన్నీ సేఫ్‌గా కానిచ్చేశారు. న్యాయంగా చెప్పాలంటే ఫెలిక్స్, జీటర్ కూడా లండన్ హీట్స్‌లో లేరు. ఒలింపిక్స్‌లో బ్యాటన్ దగ్గర బోల్తా పడటంలో అమెరికాది పాత చరిత్రే, 2004 ఏథెన్స్ ఫైనల్లో ఒకసారి, 2008 బీజింగ్ హీట్స్‌లో ఇంకోసారి. ఆ టెన్షన్ నెత్తిన పెట్టుకుని కూడా అంత తెగించి బ్యాటన్ మార్చుకున్నారంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇంకోటి చాలామంది పట్టించుకోరు. లండన్ నాటికి మార్పిడి జోన్ 20 మీటర్లే, దాని ముందున్న 10 మీటర్లు వేగం అందుకోవడానికి మాత్రమే. టోక్యో నాటికి ఆ 30 మీటర్లూ జోన్‌లోకే వచ్చేశాయి. చోటు ఎక్కువున్నది జమైకాకే!

మిగతా జట్ల గురించి రెండు ముక్కలు. 2016 రియోలో అమెరికా హీట్స్‌లో బ్యాటన్ జారవిడిచి, బ్రెజిల్ అమ్మాయి తగలడం వల్ల అని అప్పీలు చేసి, ఒంటరిగా మళ్లీ పరిగెత్తి, ఫైనల్లో ఒకటో లేన్ నుంచి 41.01తో గెలిచింది. కథ బాగుంటుంది, కానీ రికార్డు కాదు. 1985లో తూర్పు జర్మనీ కాన్‌బెర్రాలో చేసిన 41.37 దాదాపు 27 ఏళ్లు నిలిచింది గానీ, ఆ దేశంలో ప్రభుత్వమే డోపింగ్ నడిపించిందని తేలాక దాన్ని ఈ పోలికలోకి తేవడం నాకిష్టం లేదు.

విడివిడిగా నలుగుర్ని ఎంచుకోమంటే జమైకానే, మరో మాట లేదు. జట్టుగా అంటే నా ఓటు లండన్‌కే. 41.41తో అప్పటికి తమ జాతీయ రికార్డు చేసి కూడా జమైకా ఆ రోజు 0.59 వెనక రెండో స్థానంలో వచ్చింది. జీటర్ అయితే గీత దాటుతూనే గడియారం వైపు చెయ్యి చూపించేసింది. టోక్యో నలుగురూ ఆ సీజన్‌లో కలిసి ఇంకో రెండు మూడు రేసులు పరిగెత్తి ఉంటే ఈ వ్యాసం తిరగేసి రాయాల్సి వచ్చేదేమో.