జింకల కోసం ఏ చెట్టు మేలు: యాపిల్, పియర్, చెస్ట్‌నట్, పర్సిమన్?

పెన్సిల్వేనియాలో మాకు పద్నాలుగు ఎకరాల స్థలం ఉంది, సగం అడవి, సగం బీడు. ఇంటి నుంచి కార్లో రెండు గంటలు. వేట కోసమే కొన్నాం, కొన్న మరుసటి వసంతంలోనే ఆరు యాపిల్ మొక్కలు పెట్టాను, వాటిలో ఇప్పుడు బతికి ఉన్నవి రెండు. ఈ మధ్య మనవాళ్ళు చాలామంది ఊరికి దూరంగా స్థలాలు కొని, హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేసి, లైసెన్సు తీసుకుని, ఆ తరువాత నన్ను అడిగే మొదటి మాట "ఏ చెట్టు పెడితే జింకలొస్తాయి?" అని. తీపి పండు ఏదైనా జింక తింటుంది. అడగాల్సింది, మీరు మంచె మీద కూర్చునే రోజుల్లో ఏ చెట్టు కింద పండు రాలి ఉంటుంది అని.

(ఇండియాలో చదువుతున్నవాళ్ళకి ఒక మాట: అక్కడ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జింకని వేటాడటం నేరం. ఇక్కడ సంగతి వేరు, తెల్లతోక జింకలు ఎక్కువైన చోట అడవిలో లేత మొక్కని పైకి లేవనివ్వవు, అందుకే ఏటా సీజన్ పెట్టి, లెక్క కట్టి లైసెన్సులిస్తారు.)

మా రాష్ట్రంలో విల్లు సీజన్ (విల్లంబులతో వేటాడే రోజులు) చాలా ప్రాంతాల్లో అక్టోబరు మొదట్లో మొదలై నవంబరు నడుమ దాకా ఉంటుంది. రైఫిల్ సీజన్ 2019 నుంచి థాంక్స్‌గివింగ్ (నవంబరు నాలుగో గురువారం) తరువాతి శనివారం మొదలవుతోంది, రెండు వారాలు. అంటే ఆగస్టులో రాలే పండు జింక కడుపు నింపుతుందేమో గానీ మీకు కనపడదు. ఈ తేదీలు దగ్గర పెట్టుకుని చెట్లని చూడండి, సగం పేర్లు వాటంతటవే పక్కకి పోతాయి.

యాపిల్ సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే అందరూ దానితోనే మొదలుపెడతారు. జింకకి యాపిల్ అంటే ప్రాణం, అందులో అనుమానం లేదు. కానీ అది దగ్గరుండి చూసుకునే చెట్టు. మా స్థలం చుట్టూ ఎర్ర సీడర్ చెట్లున్నాయి, తుప్పు తెగులు సగం జీవితం వాటి మీద, మిగతా సగం యాపిల్ ఆకుల మీద గడుపుతుంది, జూన్ వచ్చేసరికి ఆకు నిండా నారింజ రంగు మచ్చలు. దానికి తోడు ఫైర్ బ్లైట్, కొమ్మ చివర నిప్పుతో కాల్చినట్టు నల్లగా వంగిపోతుంది, కోసి పారేయకపోతే కాండంలోకి దిగుతుంది. నెలకోసారి వెళ్ళే నాలాంటివాడికి మందు కొట్టడం కుదరలేదు, మూడు చెట్లు అలాగే పోయాయి. నాలుగోదాన్ని మొదటి శీతాకాలంలోనే ఎలుకలు మంచు కింద మొదలు చుట్టూ బెరడు కొరికి చంపేశాయి. యాపిలే కావాలంటే లిబర్టీ, ఎంటర్‌ప్రైజ్ లాంటి తెగుళ్ళని తట్టుకునే రకాలు తీసుకోండి, అదీ చెట్టుని పొట్టిగా ఉంచే వేరుమూలం (అంటు కట్టే కింది మొక్క) మీద కట్టిన అంటు వద్దు, కొమ్మలు జింకకి అందే ఎత్తులోనే ఉండిపోయి కాపుకి రాకముందే చిగుళ్ళన్నీ మేసేస్తాయి. రెండు వేర్వేరు రకాలు ఉంటేనే కాయ నిలుస్తుందని కూడా గుర్తుంచుకోండి. ఇల్లు స్థలంలోనే ఉంటే పెట్టండి, దూరంగా ఉంటే వద్దు.

పియర్ దగ్గరికొస్తే నా గొంతు మారిపోతుంది. కీఫర్ అని ఒక పాత రకం ఉంది, పందొమ్మిదో శతాబ్దంలో ఫిలడెల్ఫియాలో పుట్టింది, చైనా పియర్ రక్తం ఉన్న చెట్టు. పండు మనం తినడానికి అంత బాగోదు, ఇసుక నమిలినట్టు గరగరలాడుతుంది, పచ్చడికో జామ్‌కో తప్ప కోసి తినబుద్ధి కాదు. కానీ ఫైర్ బ్లైట్‌ని చాలావరకు ఓర్చుకుంటుంది, నేల ఎలా ఉన్నా సర్దుకుంటుంది, కాయ గట్టిగా ఉండి ఆలస్యంగా మాగుతుంది, మా దగ్గర అక్టోబరంతా ఒక్కొక్కటిగా రాలుతూనే ఉంటుంది. నాటిన ఐదో ఏడు మొదటి కాయలు చూశాను, ఒక్కసారి కూడా మందు కొట్టలేదు. ఒక హెచ్చరిక, నర్సరీలో చవగ్గా దొరుకుతుందని బ్రాడ్‌ఫర్డ్ పియర్ లాంటి కాలరీ (Callery) జాతి పియర్ మాత్రం తేవద్దు, అది పక్షుల ద్వారా పాకి బీళ్ళన్నీ ఆక్రమిస్తుంది, ఒహాయోలో 2023 జనవరి నుంచి అమ్మకమే నిషేధం.

చెస్ట్‌నట్ పండు కాదు, గింజ, అయినా జింకల కోసం నాటేవాళ్ళందరూ దీని పేరే ఎత్తుతారు. ఓక్ గింజలో ఉండే వగరు దీనిలో లేదు కాబట్టి జింకలు ఓక్ కింద నుంచి లేచి దీని కిందికొస్తాయి. ఒకప్పుడు ఈ కొండల నిండా అమెరికన్ చెస్ట్‌నట్లే, 1904లో న్యూయార్క్ బ్రాంక్స్ జూలో ఒక బూజు తెగులు బయటపడింది, యాభై ఏళ్ళలో వందల కోట్ల చెట్లు పోయాయి. ఇప్పుడు నాటేది చైనా చెస్ట్‌నట్ లేదా డన్‌స్టన్ లాంటి రకాలు. పూత జూన్‌లో కాబట్టి వసంతపు చివరి మంచు దెబ్బ తగలదు, అది పెద్ద లాభం. నీరు నిలవని, కొంచెం పులుపు (ఆమ్ల) గుణం ఉన్న నేల కావాలి, రెండు చెట్లైనా ఉండాలి. నా అభ్యంతరం ఒకటే, గింజలు సెప్టెంబరు నడుమ నుంచి రాలిపోతాయి, మిగిలినవి ఉడతలు ఒక్కటి వదలకుండా మోసుకుపోతాయి, నేను అక్టోబరులో మంచె ఎక్కేసరికి కింద ముళ్ళ డిప్పలే ఉంటాయి. సెప్టెంబరులోనే సీజన్ మొదలయ్యే రాష్ట్రాలవాళ్ళు నా మాట పట్టించుకోనక్కర్లేదు, వాళ్ళకి ఇదే మొదటి చెట్టు.

ఇక పర్సిమన్. నేను ఇల్లెందు వైపు పుట్టినవాణ్ణి, వేసవిలో తునికాకు కోతకి వెళ్ళినప్పుడు అమ్మ కొంగులో తునికి పండ్లు తెచ్చేది. మొదటిసారి ఇక్కడి అడవిలో రాలిన పర్సిమన్ తీసి నోట్లో పెట్టుకుంటే ఆ రుచే తగిలింది, చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. తరువాత తెలిసింది, రెండూ ఒకే కుటుంబమే కాదు, ఒకే ప్రజాతి, డయోస్పైరోస్. పచ్చిగా ఉంటే నాలుక మొద్దుబారేంత వగరు, మెత్తబడ్డాక తేనె. ఈ నేల చెట్టు కాబట్టి తెగుళ్ళకి పెద్దగా లొంగదు, పూత ఆలస్యం కాబట్టి మంచుకీ దొరకదు. అన్నిటికంటే ముఖ్యం, రకాన్ని బట్టి సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా రాలుతుంది, ఆకంతా పోయాక కూడా కొమ్మలకి కాషాయం రంగు పండ్లు వేలాడుతూ రోజుకి కొన్ని కింద పడతాయి. రైఫిల్ సీజన్‌లో కూడా కింద పండు ఉండే చెట్టు ఈ నాలుగింటిలో ఇదొక్కటే.

చిక్కులు లేవని కాదు. ఆడ చెట్టు వేరు, మగ చెట్టు వేరు. గింజ మొక్క తెస్తే అది మగదో ఆడదో తెలియడానికే ఏడెనిమిదేళ్ళు పట్టొచ్చు, మగదైతే మీ పదేళ్ళ ఆశ నీడకే పనికొస్తుంది. అందుకే డబ్బు ఎక్కువైనా అంటు కట్టిన ఆడ మొక్కే కొనండి, ఆలస్యంగా రాలే రకం కావాలని నర్సరీవాళ్ళని గట్టిగా అడగండి. తల్లివేరు లోతుగా పోతుంది, పెద్ద మొక్కని తవ్వి తెస్తే బతకదు, చిన్నదే మేలు. చుట్టుపక్కల అడవి పర్సిమన్లు లేకపోతే ఒక మగ మొక్క కూడా పెట్టాలి.

ఏది పెట్టినా మొదటి నాలుగేళ్ళు కాపలా తప్పదు. ఏ జింకల కోసం నాటుతున్నామో అవే మొక్కని తినేస్తాయి, శరత్కాలంలో కొమ్ములు రుద్ది బెరడు ఒలిచేస్తాయి. ఐదడుగుల ఇనుప జాలీ గుండ్రంగా కట్టండి, మొదలు దగ్గర సన్న జాలీ వేరేగా, మూడడుగుల మేర కలుపు లేకుండా. ఉన్న డబ్బుకి పది మొక్కలు కొని వదిలేయడం కంటే నాలుగు కొని నాలుగింటికీ జాలీ కట్టడం మంచిది, ఇది నేను నాలుగు చెట్లు పోగొట్టుకుని చెప్తున్న మాట.

నాటే చోటు కూడా సీజన్‌ని చూసే ఎంచుకోవాలి. విల్లుతో వేటాడితే మంచెకి ఇరవై గజాల లోపు ఉండాలి, మీ మీదుగా వీచే గాలి చెట్టు వైపు పోకూడదు, వాసన తగిలితే ఆ దారిన ఆ రోజుకి ఏదీ రాదు. చట్టం సంగతి మర్చిపోవద్దు: చెట్టు నుంచి దానంతట అది రాలిన పండు పర్వాలేదు, అదే పండుని బుట్టలో ఏరి తెచ్చి మంచె ముందు పోస్తే మా రాష్ట్రంలో చాలా ప్రాంతాల్లో అది ఎర కింద లెక్క, జరిమానా పడుతుంది. మీ రాష్ట్రం నియమం ఆ ఏడాది వేట నియమాల పుస్తకంలో చూసుకోండి.

నన్ను ఒక్కటే చెప్పమంటే పర్సిమన్, రెండో చోటు కీఫర్‌కి. ఎకరం మూలలో నాలుగు మొక్కలు పట్టేవాళ్ళకి ఆలస్యంగా రాలే ఆడ పర్సిమన్లు రెండు, కీఫర్లు రెండు, అక్టోబరుకి కీఫర్, నవంబరుకి పర్సిమన్. మొక్కలు వేళ్ళు బయట ఉన్న స్థితిలోనే వసంతంలో పంపిస్తారు, మంచి అంటు రకాలు శీతాకాలంలోనే అమ్ముడైపోతాయి, జనవరి దాటకుండా ఆర్డర్ పెట్టి, గోతులు మాత్రం నేల గడ్డకట్టకముందే తవ్వి ఉంచుకోండి.