350 అంటే 350 అనుకుని పాత ఆటోమేటిక్ గేర్‌బాక్స్ కొనేయకండి, నేను మునిగా

పాత షెవర్లే కార్లు బాగు చేసుకునేవాళ్ళు ఎవరైనా సెకండ్ హ్యాండ్ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ కోసం చూస్తుంటే ఒక్క ఐదు నిమిషాలు ఇది చదివి తర్వాత డబ్బులు కట్టండి.

నాది 1970 షెవర్లే నోవా, షెవీ 350 ఇంజిన్ (350 అంటే క్యూబిక్ ఇంచుల్లో ఇంజిన్ సైజు), వెనక పాత పవర్‌గ్లైడ్ గేర్‌బాక్స్. రెండే గేర్లు, అదీ జారిపోతోంది. దాని ప్లేస్‌లో మూడు గేర్ల టర్బో 350 పెడదాం అనుకున్నా, చాలామంది చేసేదే కదా, 6 ఇంచుల తోక (బాక్స్ వెనక ఉండే గొట్టం లాంటి భాగం) ఉన్న టర్బో 350 పొడవు పవర్‌గ్లైడ్‌కి దాదాపు సమానం, ప్రొపెల్లర్ షాఫ్ట్ అదే, షాఫ్ట్‌ని బాక్స్‌కి కలిపే యోక్ అదే, కింద మౌంట్ కూడా అక్కడే పడుతుంది. కిక్‌డౌన్ కేబుల్ (యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే కింది గేర్‌కి దించేది) ఒకటి కొత్తగా లాక్కోవాలి అంతే. ఒకాయన యాడ్ పెట్టాడు, "350 ఇంజిన్ వెనక నుంచి తీసిన టర్బో 350, నడిచే కండిషన్" అని. నాలుగు ఫోటోలు, అన్నీ కింద నుంచీ పక్క నుంచీ తీసినవే. పాన్‌కి (కింద ఆయిల్ ఉండే తొట్టికి) బోల్టులు లెక్కపెట్టా, 13 ఉన్నాయి, వెనక కుడి మూల కోసేసినట్టుంది, ఇంకేం టర్బో 350నే అని తెగ సంబరపడిపోయి డబ్బు పంపేశా.

టర్బో 350నే. అక్కడే వచ్చింది తంటా.

జాక్ మీద ఎత్తి ఇంజిన్ దగ్గరికి తోస్తే డోవెల్ పిన్నులు (రెండిటినీ సూటిగా కలిపే గైడ్ పిన్నులు) దూరట్లేదు. మొదట నా జాక్ వంకరగా ఉందేమో అనుకున్నా, గంటన్నర ఆ జాక్‌తోనే కుస్తీ పట్టా, నడుం పోయింది. ఇద్దరం కలిసి అటూ ఇటూ ఊపి చూశాక మా తమ్ముడు టార్చ్ వేసి "అన్నా, పైన బోల్టు రంధ్రాలే కలవట్లేదు కదా" అన్నాడు. కిందికి దించి ముందు నుంచి చూస్తే బెల్ హౌసింగ్ (ఇంజిన్‌కి బిగించే ముందు భాగం) పైభాగం మధ్యలో వి ఆకారంలో లోయలాగా పల్లం. అది షెవీ బోల్టు ప్యాటర్న్ కాదు, బ్యూక్, ఓల్డ్స్‌మొబైల్, పాంటియాక్ ఇంజిన్లకి వాడే ప్యాటర్న్.

నేను పడ్డ బోల్తా ఇదీ. టర్బో 350లో 350 అనేది ఇంజిన్ సైజు కాదు, గేర్‌బాక్స్ మోడల్ పేరు. పైగా జనరల్ మోటార్స్‌లో షెవర్లేకి ఒక 350, బ్యూక్‌కి ఇంకో 350, ఓల్డ్స్‌కి ఇంకోటి, పాంటియాక్‌కి ఇంకోటి, నాలుగూ వేరు వేరు ఇంజిన్లు, పేరు మాత్రం ఒకటే. ఆయన "350 వెనక నుంచి" అన్నది బ్యూక్ 350. అబద్ధం చెప్పలేదు చూడండి, ఆ మంటే ఇంకా చల్లారట్లేదు. ఫోన్ చేస్తే "ఉన్నది ఉన్నట్టు అమ్మా, రిటర్న్ లేదు" అన్నాడు, రెండోసారికి నంబర్ బ్లాక్.

కాబట్టి ముందు నుంచి, బెల్ హౌసింగ్ నేరుగా కనపడేలా ఒక ఫోటో అడగండి. ఇవ్వకపోతే వదిలేయండి, ఇంకో బాక్స్ దొరక్కపోదు. టర్బో 350లో బెల్ హౌసింగ్ కేసుతో పాటే పోత పోసింది, విప్పి మార్చుకోవడం కుదరదు. అడాప్టర్ ప్లేట్లు దొరుకుతాయి గానీ దానికి పెట్టే ఖర్చూ తలనొప్పీ ఎందుకు, సరైన బాక్సే వెతుక్కోవచ్చు.

రెండోది, కేసు మీద కొట్టిన నంబర్. పాన్ అంచుకి పైన ఎడమ పక్కన, తుప్పూ జిడ్డూ గీకితే కారు నంబర్‌లో కొంత భాగం కనపడుతుంది. ఆ కాలం బాక్సుల్లో మొదటి అంకె 1 అయితే షెవర్లే, 2 పాంటియాక్, 3 ఓల్డ్స్, 4 బ్యూక్. రెండోది సంవత్సరం చివరి అంకె. నాది 42తో మొదలైంది, అంటే 1972 బ్యూక్. కొనకముందు ఒక గుడ్డా కాస్త కిరోసిన్ తీసుకుని తుడిచి ఉంటే అయిపోయేది! అయితే నంబర్ ఒక్కదాన్నే నమ్మొద్దు, తర్వాతి ఏళ్ళలో బ్యూక్ కార్లలో షెవీ ఇంజిన్లు కూడా వచ్చాయి, చివరి మాట బెల్ హౌసింగ్‌దే.

పాన్ బోల్టులు లెక్కపెట్టడం మంచిదే కానీ దాంతో ఆగిపోకండి. టర్బో 400కి కూడా 13 బోల్టులే, పాన్ ఆకారం మాత్రం వంకర టింకరగా ఉంటుంది, దాని కిక్‌డౌన్‌కి కేబుల్ ఉండదు, కరెంటు వైరు ఉంటుంది, వెనక యోక్ కూడా వేరే. పవర్‌గ్లైడ్‌కి 14, 700ఆర్4 అనే నాలుగు గేర్ల బాక్స్‌కి 16. ఇవన్నీ గేర్‌బాక్స్ ఏదో చెప్తాయి, ఏ ఇంజిన్‌కి పడుతుందో చెప్పవు.

తోక పొడవు కూడా టేప్ పెట్టి కొలవండి. టర్బో 350కి 6, 9, 12 ఇంచుల తోకలు వచ్చాయి. నాకొచ్చింది 9, అంటే బెల్ హౌసింగ్ కలిసినా నా షాఫ్ట్ కోయించాల్సి వచ్చేది. ఇంకోటి, మీ షెవీ ఇంజిన్ 1986ది గానీ ఆ తర్వాతది గానీ అయితే క్రాంక్ వెనక సీల్ మారింది, ఫ్లెక్స్‌ప్లేట్ (క్రాంక్ వెనక బిగించే పళ్ళెం) బోల్టుల సర్కిల్ 3.58 నుంచి 3 ఇంచులకి తగ్గింది, పాత ప్లేట్ దానికి ఎక్కదు.

అన్నీ కలిసి ఎక్కించేటప్పుడు ఒక మాట. టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా బాక్స్‌కి అందించేది) బాక్స్ ముందున్న ఆయిల్ పంప్‌లోకి పూర్తిగా దిగిందో లేదో తిప్పి తిప్పి చూసుకోండి. బెల్ హౌసింగ్ ఇంజిన్‌కి ఆనుకున్నాక కన్వర్టర్‌కీ ఫ్లెక్స్‌ప్లేట్‌కీ మధ్య ఎనిమిదో వంతు ఇంచు అయినా సందు ఉండాలి. సందు లేకపోతే బోల్టులతో లాగొద్దు, పంప్ పగిలిపోతుంది. డోవెల్ దూరనప్పుడు నేను పొడుగు బోల్టులు పెట్టి లాగేద్దాం అనుకున్నా, తమ్ముడు ఆపాడు కాబట్టి సరిపోయింది.

లోపల బాక్స్ మాత్రం బాగానే ఉంది, పాన్ విప్పితే ఆయిల్ ఎర్రగానే ఉంది, మాడు వాసన లేదు, ఇనప రజను లేదు. అందుకే నేనే అమ్మకానికి పెడుతున్నా, మొదటి ఫోటో ముందు నుంచి తీసిందే, కింద పెద్ద అక్షరాల్లో "షెవీకి పడదు" అని రాసి.