ఒంగోలు ఎండలో ఎలక్ట్రిక్ స్కూటర్: మూడు వేసవుల తర్వాత నా మాట

పికప్, బ్రేకులు, డిక్కీ సైజు గురించి ఇప్పటికే చాలామంది రాశారు. నేను ఒక్క సంగతే రాస్తాను. మన ఎండల్లో బయట చార్జింగ్ పెట్టడం. ఈ బండిలో నాకు కడుపుమంట తెప్పించేది అదొక్కటే. బండి పేరు రాయడం లేదు, ఎందుకంటే ఈ ఇబ్బంది ఒక్క కంపెనీది కాదు.

2023 జూన్ 1 నుంచి ఎలక్ట్రిక్ బండ్లకు అప్పట్లో కేంద్రం ఇచ్చే ఫేమ్-2 సబ్సిడీ, బ్యాటరీలో పట్టే ఒక్కో కిలోవాట్ అవర్‌కి (అంటే ఒక యూనిట్ కరెంటుకి) 15,000 నుంచి 10,000 రూపాయలకు తగ్గుతుందని తెలిసి, ఆలోపే కొనేశాను. ఒంగోలులో ఇల్లు, చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీలో లెక్కలు రాసే ఉద్యోగం. రానూపోనూ నలభై కిలోమీటర్లు. రాత్రి వరండాలో ప్లగ్గు పెడితే తెల్లారేసరికి ఫుల్. కొన్న కొత్తలో ఫ్యాక్టరీలో అందరికీ చెప్పేవాణ్ణి, "బంకు మొహం చూడక్కర్లేదు, దారిలో చార్జింగ్ పాయింట్లు ఉన్నాయి, ఎంత దూరమైనా పోవచ్చు" అని. బంకు సంగతి ఇప్పటికీ నిజమే. ఎంత దూరమైనా అన్న మాట మాత్రం తొలకరి నుంచి శివరాత్రి దాకానే.

పోయిన ఏడాది రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండ అంటారే, రాళ్ల క్వారీల మధ్య పనిచేసేవాళ్లకి అది సామెత కాదు. మధ్యాహ్నం దాకా బండి ఫ్యాక్టరీ రేకుల షెడ్డు కింద ఉంది. బంధువుల ఇంట్లో పనిబడి అక్కణ్ణుంచే పొదిలి వెళ్లాను. తిరిగి వచ్చేటప్పుడు చార్జింగ్ ఒంగోలు దాకా చాలదని తెలుసు. కర్నూలు రోడ్డు మీద ఒక హోటల్ ముందు చార్జింగ్ పాయింటు ఉందని ఫోన్‌లో చూసుకుని ధైర్యంగా బయలుదేరాను.

పాయింటు ఉంది. పనిచేస్తోంది కూడా. కానీ నడి ఎండలో, సిమెంటు గచ్చు మీద, పైన చిన్న రేకు ముక్క కూడా లేకుండా నిలబెట్టారు. ప్లగ్గు పెట్టగానే బ్యాటరీ వేడెక్కింది, చార్జింగ్ ఆపాము అని స్క్రీన్ మీద వచ్చింది. తీసి మళ్లీ పెట్టాను, అదే మాట. ఇరవై అడుగుల దూరంలో వేపచెట్టు కింద చక్కటి నీడ ఉంది, పాయింటు వైరు అక్కడిదాకా రాదు. ఎండలో నిలబెట్టిన బండి చల్లారడం సాయంత్రం దాకా అయ్యే పని కాదు.

ఇది బండి లోపం కాదని తర్వాత చదివి తెలుసుకున్నాను. లిథియం సెల్స్‌లో చాలావాటికి వాడకానికి 60 డిగ్రీల దాకా ఒప్పుకుంటారు, చార్జింగ్‌కి మాత్రం 45 డిగ్రీలే హద్దు. అందుకే అంత వేడిలోనూ బండి నడుస్తుంది, చార్జింగ్ మాత్రం ఎక్కదు. 2022లో స్కూటర్లు వరుసగా తగలబడ్డాక ఏఐఎస్-156 అనే బ్యాటరీ భద్రతా నిబంధనలు కఠినం చేశారు. నా కాళ్ల కింద ఉన్న బ్యాటరీ వేడికి జాగ్రత్త పడటం నాకు ఇష్టమే. ఆ జాగ్రత్తకు తగ్గ నీడ కట్టకపోవడమే నా బాధ.

ఆ రోజు నన్ను గట్టెక్కించింది కాస్త అవతల ఉన్న టీకొట్టు అక్క. తాటాకు పందిరి, చుట్టూ తడి గోనెపట్టాలు. "బండి లోపల పెట్టుకో నాయనా, ముందు మజ్జిగ తాగు" అంది. ఇంటి చార్జరు డిక్కీలోనే ఉంది. ఫ్రిజ్ కోసం పెట్టించుకున్న పదిహేను ఆంపియర్ల ప్లగ్గు ఇచ్చింది. గంట పైన ఆగితేగానీ చార్జింగ్ ఎక్కలేదు. ఎక్కాక మాత్రం ఆగలేదు. దీపాలు పెట్టే వేళకి బయలుదేరాను. డబ్బులిస్తే టీకి, మజ్జిగకే తీసుకుంది. బలవంతం చేసి కరెంటుకి కూడా ఇచ్చాను. వేలు పోసి పెట్టిన పాయింటు చేయలేని పని ఆ పందిరి చేసింది.

2024 అక్టోబరులో మొదలైన పీఎం ఈ-డ్రైవ్ అనే కేంద్ర పథకంలో చార్జింగ్ స్టేషన్లకే 2,000 కోట్లు పెట్టారు. సంతోషం. అందులో ప్రకాశం, నెల్లూరు జిల్లాలకు వచ్చే ప్రతి పాయింటుకీ పైకప్పు ఉండి తీరాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. ఆ కప్పు సోలార్ పలకలదైతే ఇంకా మేలు. ఒక కిలోవాట్ పలకలు మంచి ఎండలో రోజుకు నాలుగు యూనిట్ల దాకా ఇస్తాయి, నా బండి ఒకసారి నిండటానికి అది సరిపోతుంది. మనల్ని మాడ్చే ఎండే బండిని నడుపుతుంది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొట్టేసిన చెట్లకు బదులు స్టేషన్ల పక్కన వేపలు, కానుగలు నాటడం కూడా ఆ ఖర్చులోనే రాయాలి. చెట్టు ఎదగడానికి ఏళ్లు పడుతుంది కాబట్టి అది ఇప్పుడే మొదలవ్వాలి.

మిగతావి క్లుప్తంగా. వెనక టైరు ఒకసారి మార్చాను. కొన్నప్పటితో పోలిస్తే మైలేజీ కొంచెం తగ్గింది, నా తిరుగుడుకి ఇబ్బంది లేదు. వేసవిలో ఇంటికి రాగానే ప్లగ్గు పెట్టను, అన్నం తిని పడుకోబోయే ముందు పెడతాను. ఫ్యాక్టరీలో షెడ్డు మానేసి ప్రహరీ పక్కన చెట్టు కింద ఆపుతున్నాను, తేడా స్పష్టంగా తెలుస్తోంది.

నాకు సొంత వరండా ఉంది, రోజూ ఒకే దారి, దూరం తక్కువ. ఇలాంటివాళ్లు నిశ్చింతగా కొనుక్కోవచ్చు, నేనైతే మళ్లీ ఇదే కొంటాను. పొదిలి, కనిగిరి, మార్కాపురం వైపు మే నెలలోనూ రోజంతా తిరిగే మెడికల్ రెప్‌లు, ఫైనాన్స్ కుర్రాళ్లు అడిగితే మాత్రం వెంటనే ఊ అనలేకపోతున్నాను. మీరు తిరిగే దారిలో నీడలో ఉన్న ప్లగ్గు ఎక్కడుందో ముందు చూసుకోండి, అది దొరికాకే షోరూముకి వెళ్లండి.