తాగి బండి నడపడం ఆగాలంటే ఏది మేలు: జరిమానా పెంచడమా, తనిఖీ పెంచడమా?

పెద్ద ప్రమాదం జరిగిన ప్రతిసారీ అదే ప్రశ్న వస్తుంది: "శిక్ష ఇంకా పెంచితే భయపడరా?" మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద శిక్ష ఇప్పటికే తక్కువేమీ కాదు. 2019 సవరణకు ముందు, మొదటిసారి దొరికితే 2,000 రూపాయల దాకా ఉన్న జరిమానా ఆ తర్వాత 10,000 అయింది, ఆరు నెలల దాకా జైలు కూడా ఉంది. రెండోసారికి 15,000, రెండేళ్ల దాకా జైలు. లైసెన్సు పోయే ప్రమాదం దీనికి అదనం. అయినా శుక్ర, శనివారాల రాత్రుళ్లు బ్రీత్ అనలైజర్ గొట్టం ఊది దొరికేవాళ్లకు కొదవ లేదు.

ఎందుకంటే తాగి బండెక్కేవాడు ఆ క్షణాన లెక్క వేసుకునేది పదివేల గురించి కాదు, ఈ దారిలో పోలీసులు ఉంటారా ఉండరా అని. ఉండరు అనుకుంటే జరిమానా లక్ష చేసినా అతనికి ఒకటే. పైగా పాత బండి ఖరీదు కంటే జరిమానా ఎక్కువైతే, బండిని స్టేషన్‌లోనే వదిలేసి పోయేవాళ్లూ ఉంటారు. అందుకే నా దృష్టిలో తేల్చేది శిక్ష బరువు కాదు, దొరుకుతామన్న నమ్మకం.

ముందు కొలత సంగతి. చట్టం గీసిన గీత 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్. 42.8 శాతం ఉండే విస్కీ 60 మిల్లీలీటర్ల పెగ్గులో దాదాపు 20 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 70 కిలోల మగవాడు ఖాళీ కడుపుతో ఆ ఒక్క పెగ్గు వేసినా 40 దాటవచ్చు. 8 శాతం స్ట్రాంగ్ బీరు 650 మిల్లీలీటర్ల సీసా ఒక్కటి తాగితే 80 దాటుతుంది. అదే మోతాదుకు ఆడవాళ్లలో ఇంకా ఎక్కువ చూపిస్తుంది. శరీరం గంటకు సుమారు 15 చొప్పున మాత్రమే తగ్గిస్తుంది. నిమ్మరసం, కాఫీ, పాన్ వాసనను కప్పుతాయేమో గానీ అంకెను కదపవు.

ఇక తనిఖీ. దీన్ని సరిగ్గా చేస్తే ఏమవుతుందో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ చూపించింది. 1982 డిసెంబరు 17 నుంచి అక్కడి పోలీసులు అనుమానంతో పని లేకుండా ఏ డ్రైవరునైనా ఆపి ఊదించవచ్చు. ఆపిన వాళ్లలో ఏరివేత లేదు, అందరూ ఊదాల్సిందే. అందరికీ కనబడేలా పెద్ద రోడ్ల మీద, ఎప్పుడు ఎక్కడ ఉంటారో తెలియకుండా, విస్తృత ప్రచారంతో చేశారు. రోడ్డు మరణాలు గట్టిగా తగ్గాయి. అక్కడ పనిచేసింది పట్టుబడ్డవాళ్ల సంఖ్య కాదు. తాగని వాళ్లు కూడా ఊది, ఇంటికెళ్లి ఆ మాట నలుగురికీ చెప్పడం.

మన చట్టంలో ఇక్కడే ఒక మెలిక ఉంది. 203వ సెక్షన్ ప్రకారం ఊదమనడానికి పోలీసుకు సహేతుకమైన అనుమానం ఉండాలి. అందువల్ల ఆపి, మాట్లాడించి, వాసన చూసి, ఆ తర్వాత గొట్టం ఇవ్వడం అలవాటైంది. మనిషిని బట్టి, కారును బట్టి వదిలేసే అవకాశం ఆ సందులోంచే పుడుతుంది. మూతికి తగలకుండా ముఖం దగ్గర గాలిని పసిగట్టే పద్ధతి చాలా పరికరాల్లో ఉంది. వరసలో ప్రతి ఒక్కరినీ దానితో క్షణాల్లో చూసి, సూచన వచ్చినవాళ్లకే గొట్టం పెడితే బండ్లూ ఆగవు, ఏరివేతా ఉండదు. చట్టంలో మార్చాల్సింది ఏదైనా ఉందంటే జరిమానా అంకె కంటే ముందు ఈ అనుమానం షరతునే మార్చాలి.

గొట్టం దగ్గర తేడాలు ఎక్కడ వస్తాయంటే: అప్పుడే తాగినా, మౌత్‌వాష్ పుక్కిలించినా నోట్లో మిగిలిన ఆల్కహాల్ వల్ల అంకె ఉబ్బుతుంది. పదిహేను నిమిషాలు ఆగి మళ్లీ ఊదించాలి. ప్రతి మనిషికీ కొత్త గొట్టం, ఊదించే ముందు సున్నా చూపించడం, కాలిబ్రేషన్ (కొలతను సరిచూసే పని) గడువు దాటని పరికరం: ఈ మూడింటిలో ఏది తప్పినా కేసు కోర్టులో నీరుగారుతుంది.

తనిఖీ ఓడిపోయేది అలవాటు పడినప్పుడు. అదే వారాంతం, అదే కూడలి, అదే పది నుంచి ఒంటిగంట. అరగంటలో వాట్సాప్ గ్రూపుల్లో సందేశం తిరుగుతుంది, బండ్లు సందుల్లోకి మళ్లుతాయి. ముప్పావు గంటకోసారి చోటు మార్చాలి, సందు చివర కూడా ఇద్దరుండాలి. వేళలూ మారాలి. 2025 అక్టోబరు 24న కర్నూలు జిల్లా చిన్నటేకూరు దగ్గర బస్సు తగలబడి 19 మంది ప్రయాణికులు చనిపోయారు. తాగి బైకు నడిపిన వ్యక్తి రోడ్డు మీద పడిపోవడం, ఆ బైకును బస్సు గుద్దడం దానికి మొదలు. అది జరిగింది తెల్లవారుజామున, హైవే మీద. నగరంలో ఒంటిగంటతో ముగిసే తనిఖీ ఆ బైకును ఎప్పటికీ ఆపలేదు.

ఉదయం తనిఖీని మనవాళ్లు బాగా తక్కువ అంచనా వేస్తారు. రాత్రి పన్నెండుకి క్వార్టర్ ముగించినవాడు తెల్లారి నాలుగింటికి కూడా గీత పైనే ఉండవచ్చు. రెండు క్వార్టర్లయితే మర్నాడు మధ్యాహ్నం దాకా. పొద్దున్నే స్కూలు వ్యాను తీసే డ్రైవరుకు నిద్రపోయి లేచాను కదా అన్న ధీమా ఉంటుంది. ఒంట్లోని మందుకు నిద్రతో సంబంధం లేదు.

అందుకే బండి నడపడమే వృత్తి అయినవాళ్లకు రోడ్డు మీద తనిఖీ కంటే గేటు దగ్గర తనిఖీ మేలు. ఆర్టీసీ డిపోల్లో డ్యూటీ ఎక్కే ముందు డ్రైవర్లను ఊదిస్తారు, రైల్వేలో లోకో పైలట్లకూ ఇదే పద్ధతి. బండి రోడ్డెక్కక ముందే ఆపగలిగే పద్ధతి ఇది. లోపం ఒకటుంది: గేటు దాటాక ధాబా దగ్గర తాగితే తెలియదు. రాత్రి దూర ప్రయాణపు బస్సుల్లో డ్రైవర్లు మారే చోట రెండోసారి ఊదిస్తేనే ఈ పద్ధతి పూర్తవుతుంది. జపాన్‌లో సొంత వాహనాలు ఎక్కువగా నడిపే సంస్థలు కూడా 2023 డిసెంబరు నుంచి పరికరంతో డ్రైవర్లను పరీక్షించాల్సిందే.

ఊదితే తప్ప స్టార్ట్ కాని ఇంటర్‌లాక్ పరికరం అమెరికాలో దోషులకు కోర్టులు వేయించేది. క్లీనరు చేత ఊదించే మోసాన్ని దారిలో మళ్లీ మళ్లీ అడగడం, కెమెరా పెట్టడం అరికడతాయి. రెండోసారి దొరికినవాళ్లకు, స్కూలు బస్సులకు పెడితే చాలు. కౌన్సెలింగ్‌కు కుటుంబ సభ్యులను పిలవడం మంచిదే, కానీ అది దొరికాక జరిగేది. హైవే పక్క మద్యం షాపులపై 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు పెట్టిన 500 మీటర్ల హద్దు తర్వాతి సవరణలతో సడలింది. క్యాబ్ బుక్ చేసిపెట్టే బార్లు నగరానికే పరిమితం.

గంజాయి విషయంలో వీటిలో ఏ గొట్టమూ పనికిరాదు. 185వ సెక్షన్‌లో మత్తుమందులకు 30 లాంటి అంకె లేదు, బండిని అదుపు చేయలేని స్థితిలో ఉన్నాడని నిరూపించాలి. మూత్ర పరీక్ష రోజుల కిందటి వాడకాన్నీ చూపిస్తుంది కాబట్టి అది నడిపేటప్పటి మత్తుకు రుజువు కాదు. నోటి లాలాజలపు కిట్ గంటల కిందటిదాన్ని చెబుతుంది. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 2004 నుంచి రోడ్డు మీద దాన్నే వాడుతోంది. మన తనిఖీ బృందాలకూ కావలసింది ఆ కిట్లు, వాటి ఫలితాన్ని ల్యాబ్‌లో రక్త పరీక్షతో ఖాయం చేసుకునే ఏర్పాటు.