ట్విలరీ తోటా, జార్దాఁ దె ప్లాంతా?

పారిస్‌లో సెన్ నది ఒడ్డున ఒక్క పూటే గడపగలిగిన వారికి ఈ రెండింటిలో ఏదన్న సందేహం సహజం.

ఖర్చు: రెండు తోటల్లోనూ నడవడానికి రుసుము లేదు, జార్దాఁ దె ప్లాంత్ (క్లుప్తంగా ప్లాంత్)లోని గాజు మొక్కల ఇళ్లకూ, 1794 నాటి జంతుశాలకూ మాత్రం టికెట్ కొనాలి.

శ్రమ: లూవ్ర్ మ్యూజియం దాటగానే ట్విలరీ మొదలవుతుంది; 1664లో తోటల రూపశిల్పి లె నోత్ర్ తీర్చిదిద్దిన తిన్నని బాటన నడిచి, కొలను పక్కనున్న ఆకుపచ్చ ఇనుప కుర్చీ ఒకటి నీడలోకి లాక్కుని కూర్చోవచ్చు. ప్లాంత్‌కు ఆస్టర్లిట్జ్ స్టేషన్ దాకా పోవాలి.

ఇబ్బంది: ట్విలరీ తెల్లదుమ్ము బూట్లను ఒక పట్టాన వదలదు.

1626లో రాజుగారి ఔషధ మొక్కల తోటగా పుట్టిన ప్లాంత్‌లో మొక్కల పక్కన పేరుపలకలుంటాయి కనుక, పిల్లలతో వచ్చినవారికి అదే మేలు. మ్యూజియంలో తిరిగి కాళ్లు పీకుతున్నవారికి ట్విలరీ.